కట్టు విప్పిన సముద్రం

నూరు రాత్రులు వునితోంగో ఊళ్ళో ఎవరూ సముద్రంలో చెయ్యి పెట్టలేదు. ఒక్క ఉనైసి తప్ప.

ఊరి దొర పోయిన మర్నాడే మడచెట్ల అంచున కర్ర పాతి, దానికి ఆయన పడుకున్న చాప ముక్క కట్టారు. ఆ కర్ర మొదలుకొని కాలువ దాకా, కాలువ దాటి అవతలి తిట్ట దాకా, ఆటు తీస్తే బయటపడే రాళ్ళూ మడుగులూ బురదా అన్నిటికీ కట్టు. నూరో రాత్రి గడిచి కర్ర పీకేదాకా అందులోని పీతా, పాచీ, చిప్పా అన్నీ దొరవే. బతికున్నన్నాళ్ళూ ఊరి పీతల్లో మంచివన్నీ తిన్న మనిషికి చచ్చాక కూడా ఇన్ని పీతలెందుకని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు ఆ ఊరికి లేదు. కర్రపెండలం తిన్నారు, చేమాకు తిన్నారు, డబ్బా చేపలు తిన్నారు. సముద్రం వైపు చూస్తే నోరూరుతుందని మొహాలు పక్కకి తిప్పుకుని నడిచారు.

ఉనైసి అత్తగారు కెలెరా మాత్రం ఊరుకోలేదు.

కెలెరా అవ్వకి కాళ్ళు పడిపోయి రెండేళ్ళు. చేతులు మాత్రం గట్టివి. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళంతా ఆ చేతుల్లోకే పుట్టారు. ఏ ఆడదాని పొట్ట మీద ఆ చెయ్యి పడినా లోపల ఉందో లేదో, ఉంటే ఎన్ని నెలలదో చెప్పేస్తుందని పేరు. చాప మీంచి కదలకుండానే, ఆ పేరుతో ఇంటినీ సగం ఊరినీ ఏలుకొస్తోంది.

"మేకలాగా ఆకులు నములుతూ చావనే," అంది రెండో వారంలోనే చేమాకు గిన్నె తోసేసి. "ఆక్టోపస్ కావాలి. కొబ్బరిపాలల్లో వండి."

"కట్టుంది అత్తమ్మా."

"కట్టు నడిచేవాళ్ళకి. నేను నడుస్తున్నానా?"

"తేవాలంటే నేను నడవాలి గదా."

"మరి ఇంకెందుకున్నావే ఈ ఇంట్లో? పిల్లల్ని కన్నావా? మొగుణ్ణి నిలబెట్టుకున్నావా? వదినని పుట్టింటికి పంపేద్దామమ్మా అని సైరుసి రోజూ అడుగుతున్నాడు. చెయ్యి మంచిది, వంట బాగా చేస్తుందిరా అని నేనే ఆపుతున్నా."

సైరుసి ఉనైసి మరిది. అతను అడుగుతున్న మాట నిజమే. మొగుడు ఇనోకె పడవతో సహా పోయి నాలుగేళ్ళయింది. బిడ్డల్లేని విధవ పుట్టింటికి పోవడం మర్యాద. ఉనైసి పుట్టిల్లు నకాలో అనే ఊరు, ఏటికి ఎగువన కొండల్లో. అక్కడ తమ్ముడూ, తమ్ముడి పెళ్ళామూ, అయిదుగురు పిల్లలూ, పెండలం తోటా. సముద్రం చూడాలంటే కొబ్బరిచెట్టెక్కాలి. ఉనైసి పెళ్ళయి దిగేనాటికి పీతని ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలియదు. కెలెరాయే చెంపలు వాయించి నేర్పింది. చిన్నచిన్న గుల్లలు గుమ్మం ముందు పోగేసి ఉన్న బొరియ ఆక్టోపస్‌ది. ముళ్ళున్న రాయి ఊపిరి తీస్తే అది రాయి కాదు, విషపు చేప. రాయి తిరగేస్తే మళ్ళీ ఉన్నచోటే, ఉన్నట్టే బోర్లించాలి, రాతి కడుపున బతికేవి ఎండ చూస్తే చస్తాయి. ఇరవై రెండేళ్ళు గడిచాక ఆటు తీసిన నేల మీద ఉనైసికి సాటి రాగల ఆడది ఊళ్ళో లేదు. అది వదిలేసి కొండెక్కడమంటే ఆమెకి చేతులు నరుక్కోవడమే.

అందుకని మూడో ఆదివారం దిగింది.

ఆదివారం గంట కొట్టారంటే కుక్కలు తప్ప ఊరంతా చర్చిలోనే. పాస్టరు మొదలుపెడితే ఎండ నడినెత్తి మీంచి జారేదాకా ఆపడు. కదల్లేని అత్తగారి దగ్గర కోడలు ఉండిపోతే తప్పుపట్టేవాళ్ళు లేరు. పున్నానికీ అమాసకీ దగ్గరపడ్డ ఆదివారాల్లో సరిగ్గా మధ్యాహ్నానికే నీళ్ళు దిగిపోతాయి. అట్లాంటి ఆదివారాలు ఆ నూరు రోజుల్లో ఏడు పడ్డాయి. ఏడూ వాడుకుంది.

మొదటిసారి వణుకుతూ వెళ్ళి ఒక్క ఆక్టోపస్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రెండోసారి వణకలేదు. మూడోసారి, నిజం చెప్పాలంటే, అత్తగారి కోసం కాదు. ఆ ఎండలో, ఆ ఖాళీలో, ఇంకో ఆడదాని గొంతు వినపడకుండా, మడుగు మడుగుకీ ఒంగి చూసుకుంటూ నడవడంలో ఒక మత్తుంది. కట్టు పెట్టి వారాలు గడిచేసరికి నీళ్ళలోవి మనిషినే మరిచిపోయాయి. పీతలు నీడ పడ్డా ఇసకలోకి దూరలేదు. పెద్ద చిప్పలు నీలం పెదాలు తెరుచుకుని అలాగే చూస్తూ ఉండిపోయాయి. ఆక్టోపస్ అయితే పుల్ల చూపిస్తే పారిపోకుండా, అదేమిటో చూద్దామన్నట్టు ఒక కాలు చాచి ఉనైసి మణికట్టు చుట్టూ మెల్లగా చుట్టేది. ఆమె దాన్ని అలాగే ఎత్తి, రెండు కళ్ళ మధ్యా పళ్ళు దించి కొరికేది. ఎర్రగా ఉన్నది క్షణంలో తెల్లబడేది. తల సంచీ తిరగేసి లోపలిది పీకి కొంగకి విసిరేది. నాలుగోసారికి కొంగ కూడా వచ్చి ఎదురుచూడటం నేర్చుకుంది.

రాయి తిరగేసిన ప్రతిసారీ తీసుకున్నంత తీసుకుని, మళ్ళీ పసిపిల్లని పడుకోబెట్టినట్టు బోర్లించేది. గాబరాలో కూడా ఒక్క రాయి మరవలేదు. పాస్టరు ముగించేలోపు తిరిగి రావాలి గనక కాలువ దాటి అవతలి తిట్టకి ఎన్నడూ పోలేదు. ఇవతలి నేలే దున్నింది. ఏడోసారికి బుట్ట నిండటానికి రెట్టింపు సేపు పట్టింది. అది గమనించింది. గమనించి, వచ్చేసారి నుంచి తగ్గిద్దాం అనుకుంది. వచ్చేసారి లేదు, నూరు రాత్రులు అయిపోయాయి.

ఈ సంగతి అత్తాకోడళ్ళకి తప్ప తెలిసిన మనిషి ఇంకొకతె ఉంది. తోరికా. ఉనైసి తమ్ముడు పెనాయా పెద్దకూతురు. పందొమ్మిదేళ్ళు. అవ్వని ఎత్తి దించడానికి చెయ్యి సాయంగా ఉంటుందని నకాలో నుంచి తెచ్చుకున్నారు. వచ్చిన మూణ్ణెల్లకే విలిసి కొడుకు ఎరోని దాన్ని చూసి అన్నం మానేశాడు. విలిసి అంటే ఊరి తరఫున నిలబడి మాట్లాడేవాడి పెళ్ళాం, ఉనైసి మొగుడికి పిన్ని కూతురు, ఉనైసికి వదిన. కొండపిల్ల తన ఇంటికి కోడలు కావడం విలిసికి గొంతులో ముల్లు. అయినా కొడుకు పట్టు పట్టాడు గనక ఆచారం ప్రకారం తిమింగలం దంతం పట్టుకెళ్ళి నకాలోలో పిల్లనడిగి వచ్చారు. దొర నూరు రాత్రులు అయ్యాక పెళ్ళి. ఎరోని మూడు నెలలు చెరుకు నరకడానికి పోయి, కట్టు విప్పే వారంలోనే తిరిగొచ్చాడు.

ఉనైసి అయిదోసారి దిగిన ఆదివారం, చర్చి నుంచి వచ్చిన తోరికా వంటపాక వెనక నిలబడి పిలిచింది.

"అత్తా, ఈ గుల్లలు తడిగా ఉన్నాయేంటి?"

"పాతవే. వానకి పైకి తేలాయి."

"పాతవాటికి మాంసం అంటుకుని ఉంటుందా?"

లోపల్నించి కెలెరా అందుకుంది. "కొండమీది పిల్లకి గుల్లల సంగతి బాగా తెలుసే! రావే ఇటు, కాళ్ళు పిసుకు."

తోరికా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అత్త మీద ప్రేమ దానికి. ఆ ఊళ్ళో దానికున్న మనిషి అత్త ఒక్కతే.

*

కర్ర పీకిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా బుట్టలేసుకుని దిగారు. నూరు రోజులు నోరు కట్టుకున్నవాళ్ళ హుషారది.

"ఏం వదినా, అంత బుట్ట తెచ్చావు, సముద్రాన్ని ఇంటికి మోసుకుపోతావా?" అంది ఉనైసి.

"నీకేమే, ఒంటిపొట్ట. మీ అన్నయ్య ఒక్కడే బుట్టెడు తింటాడు," అంది విలిసి. "ఒసే తోరికా, అలా గంతులెయ్యకు. విషపు చేప మీద కాలేస్తే పెళ్ళినాటికి కాలు ఆనపకాయంత అవుతుంది. నా కొడుకు నిన్ను దొర్లించుకుపోవాలి."

"దొర్లిస్తాడ్లే, చెరుకు బళ్ళు తోసి తోసి వచ్చాడుగా," అని ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు. తోరికా కూడా నవ్వింది. ఆ ఊళ్ళో అది నవ్వటం అదే ఆఖరు.

గంట గడిచింది. నవ్వులు తగ్గాయి. రాళ్ళు తిరగేసే చప్పుడు తప్ప ఏమీ లేదు. పెద్దచిప్పల గుంటల్లో నీళ్ళున్నాయి, చిప్పలు లేవు. బొరియలు ఉన్నాయి, ముందర గుల్లల పోగులు కూడా ఉన్నాయి, లోపల పుల్ల పెట్టి తిప్పితే పుల్లే తిరిగొస్తోంది. చీమంత పీతలు, చచ్చిన ముళ్ళబంతుల గుల్లలు, ఎవరికీ అక్కర్లేని నల్ల దోసకాయ పురుగులు. బుట్టల అడుగున పిడికెడు పాచి. ఉనైసి అందరితో పాటు ఒంగుతూ, లేస్తూ, ఏమీ దొరకనట్టు మొహం పెట్టింది. నిజంగానే ఏమీ దొరకలేదు. తను ఇంత తిన్నానా అని తనకే ఆశ్చర్యం వేసింది.

నీళ్ళు తిరిగి ఎక్కుతుంటే అందరూ ఇసక మీద కూలబడ్డారు. ఎల్లుండి విందు. మూడు ఊళ్ళ పెద్దలు వస్తున్నారు. నూరు రోజులు దాచిన సముద్రం వాళ్ళ ముందు పెట్టేది పాచి.

"ఎవరో దిగారు," అంది ఒకామె.

"దిగితే రాళ్ళు చెప్పవా?" అంది విలిసి. "దొంగ అనేవాడు భయంతో దిగుతాడు. రాయి లాగుతాడు, దొరికింది లాక్కుంటాడు, పరిగెత్తుతాడు. రాళ్ళు సర్దుకుంటూ కూర్చుంటాడా? నేను చూసుకుంటూనే నడిచాను. ఒక్కటి, ఒక్క రాయి వెల్లకిలా ఉందేమో చెప్పండి. అన్నీ దేవుడు పెట్టినట్టే ఉన్నాయి."

అందరూ తలూపారు. ఎవరూ రాయి చూడకుండా నడవరు ఆ ఊళ్ళో.

"అయితే మనలోనే," అంది విలిసి మెల్లగా.

ఏమిటని ఎవరూ అడగలేదు. కడుపుతో ఉండి ఆ సంగతి దాచిన ఆడది నీళ్ళలో అడుగు పెడితే నీళ్ళలోది దూరంగా పోతుంది. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతది. చెప్పుకుంటే ఏ దోషమూ లేదు. దాచుకుంటేనే సముద్రం కూడా తనది దాచుకుంటుంది. వయసులో ఉన్న ఏడుగురు ఆడపిల్లల మీదకి అందరి కళ్ళూ పోయాయి. ఆ ఏడుగురూ ఒకరి పొట్టలు ఒకరు చూసుకున్నారు.

"ఏముంది, కెలెరా పెద్దమ్మ దగ్గరికి పదండి," అంది విలిసి బుట్ట దులుపుకుని.

*

ఇల్లు నిండిపోయింది. కిటికీల్లో మొహాలు, గుమ్మంలో మొహాలు. మగవాళ్ళు వాకిట్లో చాప మీద మత్తెక్కే యంగోన వేరు నీళ్ళలో పిసుక్కుంటూ, ఏమీ పట్టనట్టు చెవులు మాత్రం ఇటేసి కూర్చున్నారు. ఎరోని వాళ్ళ మధ్యనే ఉన్నాడు.

కెలెరా గోడకి ఆనుకుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంది. ఉనైసి ఆమె మొహంలోకి చూసింది. ముసలిదానికి అంతా తెలుసు. ఏడు ఆదివారాల ఆక్టోపస్ ఆ పొట్టలోనే ఉంది. ఎవరి మీదా చెప్పదులే, ఎవరి కడుపూ పండలేదు పొండి అంటుంది, అంతే, అనుకుంది ఉనైసి.

ఆరుగురు వచ్చి పడుకుని లేచిపోయారు. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు. "ఇది తినక ఎండింది. పో." "దీనికి గాలి. పో." బయట నవ్వులు. ఏడోది తోరికా.

ముసలి చెయ్యి తోరికా పొట్ట మీద ఆగింది. ముసలిది కళ్ళు మూసుకుంది. వేళ్ళు లోపలికి నొక్కింది. పిల్ల అబ్బా అంది.

"రెండు నెలలు," అంది కెలెరా.

యంగోన పిసికే చప్పుడు ఆగింది. రెండు నెలల కిందట ఎరోని ఎక్కడున్నాడో అందరికీ తెలుసు.

తోరికా లేచి కూర్చుంది. మొదట దానికి అర్థం కాలేదు. తర్వాత మొహం ఎర్రబడింది. "అవ్వా, తప్పు చూశావు. మళ్ళీ చూడు. నన్ను ఎవరూ... అవ్వా, ఒట్టు."

"నా చేతులు తప్పు చూశాయా?" అంది కెలెరా గుమ్మంలోకి చూస్తూ. "మీలో ఎవరి విషయంలో తప్పు చూశాయో చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. చెబితే వాళ్ళ పుట్టుకే తప్పవుతుంది.

తోరికా చుట్టూ చూసి, ఉనైసి దగ్గర ఆగింది. "అత్తా, నువ్వు చెప్పు. గుల్లల సంగతి చెప్పు. వంటపాక వెనక ఆ తడి గుల్లలు... అత్తా!"

ఇల్లంతా ఉనైసి వైపు తిరిగింది. విలిసి కూడా తిరిగింది, కళ్ళు చిన్నవి చేసుకుని. మరిది సైరుసి వాకిట్లో లేచి నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. దొర కట్టు తెంపినది, అదీ ఆదివారం నాడు తెంపినది, ఊళ్ళో మరునాడు ఉండదు. పంపడానికి సైరుసి తెడ్డు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. కొండ మీద పెండలం తోట ఉనైసి కళ్ళ ముందు కనబడింది. ఆ ఎర్రమట్టి.

"ఏ గుల్లలే?" అంది ఉనైసి.

తన గొంతు అంత మామూలుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"అత్తా..."

"గుల్లలట!" అంది విలిసి. "ఈ ఊళ్ళో ఏ వంటపాక వెనక తవ్వినా మోకాలి లోతు గుల్లలే. మా తాతల నాటివి. ఏదో ఒకటి పట్టుకుని వేలాడుదామనుకుంటోంది. నా ఇంటికి దిగుదామనుకున్న తల్లి! పెద్దమ్మా, నువ్వు లేకపోతే ఇవాళ ఎవడి బిడ్డకో నా కొడుకు ఉయ్యాల కట్టేవాడు."

ఎరోని లేచి ఏటి వైపు నడిచాడు. తోరికా వైపు చూస్తాడేమోనని ఉనైసి చూసింది. చూడలేదు. మూడు నెలలు చెరుకు తోటలో ఏం కలలు కన్నాడో గానీ, ఒక ముసలిదాని వేళ్ళు నొక్కితే అన్నీ ఆరిపోయాయి.

అందరూ పోయాక, పిల్ల మూలన మొహం దాచుకుని ఉండగా, ఉనైసి కెలెరా చెవిలో అడిగింది. "ఎందుకు అత్తమ్మా? ఎవరూ లేరని చెబితే పోయేది గదా?"

"ఎవరూ లేరంటే మళ్ళీ దొంగ దగ్గరికే వచ్చేవాళ్ళు. వెతికేవాళ్ళు," అంది కెలెరా గొంతు తగ్గించకుండానే. "ఇదొక్కటే చూసింది. ఇప్పుడు చెప్పుకోమను, ఎవరు వింటారో. నీళ్ళు పెట్టు, చేతులు జిడ్డు."

*

మర్నాడు తోరికాని నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. గుమ్మం దాటితే కాళ్ళు విరగ్గొడతానని సైరుసి బయట కూర్చున్నాడు.

ఆడవాళ్ళు మళ్ళీ దిగారు. ఆ రోజు ఆటు ఇంకా లోతుగా తీసింది. పున్నం మర్నాడు ఎప్పుడూ అంతే. ముందురోజు నడుము లోతున్న కాలువ మోకాలి లోతుకి వచ్చింది. ఉనైసి రాత్రంతా కన్ను మూయలేదు. ఆమె బుర్రకి తోచింది ఒక్కటే. విందుకి సరిపడా దొరికితే ఊరి కోపం చల్లారుతుంది. కడుపులు నిండితే నోళ్ళు మూతపడతాయి. రెండు రోజులు పోయాక ఎరోనిని విడిగా పట్టుకుని ఏదో ఒకటి నచ్చచెప్పొచ్చు. పాపం ఆమె లెక్క అది.

"కాలువ దాటుదాం వదినా," అంది. "అవతలి తిట్ట చూద్దాం."

"నీళ్ళు లాగి పడేస్తే?"

"నా వెనకే రండి."

దాటించింది. అవతలి తిట్ట నూరు రోజులుగా మనిషి పాదం చూడలేదు. అక్కడ అన్నీ ఉన్నాయి. మడుగులో నిలబడితే చిప్పలు కాళ్ళకి తగిలాయి. పచ్చని పూసల్లాంటి నామ పాచి గుత్తులు రాళ్ళకి జడల్లా వేలాడాయి. ముళ్ళబంతులు పగలగొడితే పసుపుగా జున్నులా పొంగాయి. ఉనైసి ఒక బొరియలో చెయ్యి పెట్టి మోచేతి దాకా చుట్టుకున్న ఆక్టోపస్‌ని లాగి, కొరికి, బుట్టలో పడేసింది. ఇంకొకటి. ఇంకొకటి. చూపించింది అందరికీ, ఇక్కడ, ఇటు, ఈ రాయి కింద. గంటలోపల బుట్టలు నిండి కట్టుగుడ్డల్లో మూటలు కట్టారు. నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి.

అప్పుడు విలిసి ఒక ఆక్టోపస్‌ని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తింది. అది ఇంకా రంగులు మారుతోంది.

"చూశారా?" అంది. "అది ఇంట్లో ఉంది, ఇది బుట్టలో ఉంది."

అందరూ తలలు ఊపారు. నిన్నటిదాకా ఒకరిద్దరిలో, ముసలిది ఏమైనా పొరబడిందేమోనన్న అనుమానం ఉండే ఉంటుంది. నిండిన బుట్టలు చూశాక అదీ పోయింది. సముద్రమే సాక్ష్యం చెప్పాక ఇంక ఎవరేమంటారు?

ఉనైసి చేతిలో రాయి పట్టుకుని అలాగే ఉండిపోయింది. రాతి కింద నుంచి సన్నని కాళ్ళ నక్షత్రపు పురుగులు నీడ కోసం గిలగిలా పాకాయి. నిన్న నీళ్ళు ఇంత దిగలేదు, దిగి ఉంటే నిన్నే దొరికేవి అని చెప్పొచ్చు. ఆ మాట చెప్పడానికి ఆమెకేమీ ఖర్చు లేదు. చెబితే, మరి ఇవతలి నేలంతా ఎందుకు బోసిపోయిందని విలిసి అడుగుతుంది. విలిసి తెలివైంది.

రాయి బోర్లించింది.

విందు బ్రహ్మాండంగా జరిగింది. మూడు ఊళ్ళ పెద్దలు వేళ్ళు నాకి, దొర పేరు తలుచుకుని, వునితోంగో సముద్రాన్ని పొగిడారు. తోరికాకి ఎవరూ విస్తరి పెట్టలేదు. ఉనైసి ఒక కొబ్బరిచిప్పలో తీసుకెళ్ళి ముందు పెట్టింది. పిల్ల దాన్ని చూసి, కాలితో దూరంగా జరిపింది.

ఆ మర్నాటి పోటుకి పడవెక్కించారు. పాపం బరువో ఏమో, ఊరంతా గట్టున నిలబడి ఒక్కరు కూడా చెయ్యి ఊపలేదు. ఉనైసి నడుము లోతు నీళ్ళలో దిగి మూట అందించింది.

"పుట్టదుగా అత్తా," అంది తోరికా. ఏడవటం ఎప్పుడో అయిపోయింది దానికి. "నెలలు నిండినా ఏమీ పుట్టదుగా. అప్పుడేం చెబుతావు?"

ఆ మాట ఉనైసిని పొడిచింది. ఆశ కూడా పుట్టించింది. నెలలు నిండితే అదే తేలిపోతుంది, పిల్ల మంచిదే అంటారు. ఇంటికొచ్చి కెలెరాతో అంది.

"పుట్టకపోతే కొండ మీద కడుపు పోగొట్టే వేళ్ళకేం తక్కువ?" అంది కెలెరా. "వాళ్ళమ్మ కాచి తాగించిందంటారు. ఎవరూ అనకపోతే నేనే అంటాను."

*

నెల తిరక్కుండా పెనాయా వచ్చాడు. ఆడపిల్ల తప్పు చేస్తే తండ్రి వచ్చి క్షమాపణ చెప్పుకోవడం అక్కడి మర్యాద. చిన్న పడవలో ఒక్కడే ఏరు దిగొచ్చాడు. ఏ చుట్టాన్ని బతిమాలి తెచ్చాడో, నూనె పట్టించి ఎర్రగా మెరిపించిన తిమింగలం దంతం రెండు చేతుల్లో పట్టుకుని, విలిసి ఇంట్లో చాప కొసన, గుమ్మం దగ్గర, అందరికన్నా కింద కూర్చున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. పెండలం తవ్వి తవ్వి వంగిపోయిన వీపు.

"మా పిల్ల మీ సముద్రాన్ని మైల చేసింది," అన్నాడు. "మీ ఇంటి గౌరవాన్ని తొక్కింది. కొండవాళ్ళం, తెలియనివాళ్ళం. మా మీద కోపం ఈ దంతం కింద పాతిపెట్టండి."

విలిసి మొగుడు దంతం అందుకుని, పుచ్చుకున్నట్టు గుర్తుగా వాసన చూశాడు. కోపం పోయిందన్నాడు. చాప మీది వాళ్ళంతా అరచేతులు గుంటచేసి చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్న ఉనైసి కూడా కొట్టింది. కొట్టకపోతే క్షమించనట్టు. అవతలి తిట్ట చూపించి విందు నిలబెట్టినందుకు ఇప్పుడు ఆమెని ముందు వరసలోనే కూర్చోబెడుతున్నారు. సైరుసి కూడా పుట్టింటి మాట ఎత్తడం మానేశాడు.

అంతా అయ్యాక పెనాయా అక్కని మడచెట్ల దగ్గరికి పిలిచాడు. అతని పడవ బురదలో ఒరిగి ఉంది. బురద నిండా చిన్న పీతలు ఒక్కొక్క పెద్ద డెక్క ఊపుతూ, మనిషి నీడ పడగానే ఒక్కసారిగా మాయమయ్యాయి.

"నీ మొహం మీద మసి పూశాం అక్కా," అన్నాడు. "సొంత కూతురిలా పెట్టుకున్నావు."

"ఊరుకో తమ్ముడూ."

"ఒక్క సంగతి అడగాలని వచ్చాను. అది పేరు చెప్పడం లేదు. ఎంత కొట్టినా చెప్పడం లేదు. వాళ్ళమ్మ అన్నం పెట్టడం మానేసింది, అయినా చెప్పడం లేదు. ఏమీ లేదంటుంది. కొడితే 'అత్తనడుగు' అంటుంది. అదొక్కటే మాట. అత్తనడుగు, అత్తకి తెలుసు." అతను అక్క మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు ఏటి ఒడ్డున దారి తప్పితే అలాగే చూసేవాడు. "నీకు తెలుసా? ఎవడక్కా?"

ఉనైసి పీతలు మాయమైన బొరియల వైపు చూసింది. ఊళ్ళో ఎవరూ దగ్గర్లో లేరు. తమ్ముడొక్కడే. వాడొక్కడికి చెప్పొచ్చు. వాడు కోపంతో వెనక్కి పోయి విలిసి ఇంట్లో దంతం తిరిగి లాక్కుంటాడు. ఊరు గుమిగూడుతుంది. ఆ తరవాతది ఆమెకి బాగా తెలుసు. తెలియదని చెప్పొచ్చు. తెలియదంటే వాడు నమ్మడు, కూతురి మాట పట్టుకుని మళ్ళీ వస్తాడు, మళ్ళీ అడుగుతాడు, ఏదో ఒకనాడు నలుగురి ముందు అడుగుతాడు.

"లాంచీ మీద కిరసనాయిలు అమ్మేవాడు వచ్చేవాడు," అంది. "సెమీ అని. ఇప్పుడు రావడం లేదు. పెద్ద ఓడెక్కి ఎటో పోయాడన్నారు."

"సెమీ," అన్నాడు పెనాయా.

"నేను ఆపి చూశాను. వినలేదు."

"సెమీ," అన్నాడు మళ్ళీ, మరిచిపోకుండా. వంగిన వీపు కొంచెం లేచింది. నెల రోజులుగా గాలితో కొట్లాడుతున్న మనిషికి తన్నడానికి ఒక మనిషి దొరికాడు. రెండు చేతులతో అక్క చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వుండబట్టి తెలిసింది. నువ్వు లేకపోతే ఇది జన్మకి తెలిసేది కాదు."

పోటు మొదలై బురద మీదకి నీళ్ళు వేళ్ళలా పాకుతున్నాయి. పడవ కదిలేదాకా ఇద్దరూ నిలబడ్డారు. పెనాయా తోసి ఎక్కి, తెడ్డు తీసుకుని, వెనక్కి తిరిగాడు.

"ఇంతకాలం పేరు లేక తప్పించుకుంది అక్కా. ఇప్పుడు పేరుంది. ఇంక ఎలా ఒప్పుకోదో చూస్తాను."